పదో తరగతి తరువాతి వేసవి ఎవరి సొత్తు?

పదో తరగతి చివరి పరీక్ష రాసిన మరునాటి నుంచే పదకొండో తరగతి జీవశాస్త్రానికి శిక్షణ ప్రారంభించే ఏర్పాట్లు దేశంలోని మహానగరాలలోనే గాక జిల్లా కేంద్రాలలో సైతం విస్తరించాయి. బ్రిడ్జి కోర్సు, ఫౌండేషన్, సమ్మర్ బ్యాచ్ అంటూ పేరు ఏదైనా సరుకు ఒక్కటే. రెండేళ్ల తరువాత రాయవలసిన నీట్ పరీక్షకు రెండు నెలలు ముందుగా పరుగు మొదలుపెట్టించడం వాటి పని. తెలుగు రాష్ట్రాలలో 1986లో ఎంసెట్ ప్రవేశపెట్టిన తరువాత ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పూర్తయ్యాక వచ్చే ఏప్రిల్, మే మాసాలే శిక్షణ కేంద్రాలకు పంటకాలంగా ఉండేవి. ఇప్పుడా కాలం రెండేళ్లు వెనక్కు జరిగి, పదహారేళ్లు నిండీ నిండని పిల్లల సెలవులను ఆక్రమించింది.

తల్లిదండ్రుల ఆదుర్దాకు కారణం లేకపోలేదు. 2025లో నీట్ రాసిన వారు 22 లక్షల పైచిలుకు. 2024-25లో దేశం మొత్తం మీద ఉన్న ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.18 లక్షలు. అందులోనూ మధ్యతరగతి కుటుంబం భరించగల రుసుముతో దొరికేవి, అంటే ప్రభుత్వ కళాశాలల్లోనివి, దాదాపు సగం మాత్రమే. 720 మార్కుల పరీక్షలో 360 మార్కులు, 180 ప్రశ్నలలో 90 ప్రశ్నలు జీవశాస్త్రానివే కావడం వల్ల ఆ ఒక్క సబ్జెక్టుపై పట్టు సాధించిన విద్యార్థి సగం దారి నడిచినట్లే అన్న అభిప్రాయం బలపడింది. ఆ సగం దారిలో పది అడుగులైనా వేసవిలోనే వేద్దామన్న కోరికను తప్పుపట్టలేము. అయితే ఆ అడుగులు ఎటు పడుతున్నాయన్నదే ప్రశ్న.

పది నుంచి పదకొండుకు మారడమంటే ఒక మెట్టు ఎక్కడం కాదు, మధ్యలో మెట్లు లేని గోడ ఎక్కడం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకంలో జీవశాస్త్రానికి సంబంధించినవి ఐదు అధ్యాయాలు. పదకొండో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో పందొమ్మిది. ఐదు నుంచి పందొమ్మిదికి పెరగడం ఒక ఎత్తు, ఆ పందొమ్మిదింటిలో మొదటి నాలుగూ జీవుల వర్గీకరణకు సంబంధించినవి కావడం మరో ఎత్తు. లిన్నేయస్ నామకరణం, 1969లో విట్టేకర్ ప్రతిపాదించిన ఐదు రాజ్యాల వర్గీకరణ, వృక్ష రాజ్యం, జంతు రాజ్యం వరుసగా వచ్చిపడతాయి. తరగతి ప్రారంభమైన మొదటి నెలలోనే విద్యార్థి కొన్ని వందల గ్రీకు, లాటిన్ పదాలను ఎదుర్కోవలసి వస్తుంది.

ఇందుకు పునాదిగా తొమ్మిదో తరగతిలో ‘జీవులలో వైవిధ్యం’ అనే అధ్యాయం ఉండేది. కరోనా వల్ల విద్యార్థులపై పెరిగిన భారాన్ని తగ్గించే పేరిట ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించిన కుదింపులో అది పోయింది. అదే కుదింపులో పదో తరగతి ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. డార్విన్ సిద్ధాంతాన్ని తొలగించడంపై 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖపై సంతకాలు చేసిన సంగతి విదితమే. పరిణామ పాఠం పన్నెండో తరగతి జీవశాస్త్రంలో యథాతథంగా ఉన్నదని సంస్థ సమాధానమిచ్చింది. ఆ సమాధానం కొంతవరకే సబబు. గణితం తీసుకునే విద్యార్థికి ఆ పాఠం ఎన్నటికీ ఎదురుకాదు. జీవశాస్త్రం తీసుకున్న విద్యార్థి సంగతి చూస్తే, చేపలకు, కప్పలకు, సరీసృపాలకు, పక్షులకు ఉన్న చుట్టరికం ఏమిటో తెలియకుండానే వాటిని వరుసలో పెట్టి గుర్తుంచుకోవలసిన పరిస్థితిలో పదకొండో తరగతిని ప్రారంభిస్తాడు. కారణం తెలియని జాబితాను బట్టీ పట్టడం తప్ప అతనికి వేరే దారి లేదు. ఆ బట్టీని అమ్మేవారు వీధి మలుపులోనే ఉన్నారు.

కుదింపు పై తరగతులనూ వదలలేదు. పదకొండో తరగతి నుంచి మొక్కలలో రవాణా, ఖనిజ పోషణ, మానవులలో జీర్ణక్రియ–శోషణ అనే మూడు అధ్యాయాలు తొలగిపోయాయి. డాక్టరు కాగోరే పిల్లవాడు శ్వాస, రక్తప్రసరణ, విసర్జన, నాడీ వ్యవస్థలను చదివి, అన్నం ఎలా అరుగుతుందో మాత్రం పదో తరగతి స్థాయిలోనే వదిలిపెట్టి ముందుకు సాగుతాడన్నమాట! తెలుగు రాష్ట్రాల ఇంటర్ జంతుశాస్త్రంలో ఆ పాఠం ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది. 2024 నుంచి నీట్ సిలబస్‌ను సైతం కుదించినందువల్ల పరీక్షలో రానిదాన్ని చదవడం దేనికన్న ధోరణి శిక్షణ కేంద్రాలలో సహజంగానే ప్రబలింది.

ఇక తెలుగు నేలపై పరిస్థితి రెండు పాయలుగా చీలి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. 2025-26లో ఇంటర్ మొదటి సంవత్సరంలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిసి ఒకే జీవశాస్త్రంగా మారాయి. తెలంగాణలో పదో తరగతి వరకు జీవశాస్త్రం విడి పుస్తకంగానే సాగుతూ వచ్చింది. ఒకే భాష మాట్లాడే, ఒకే పోటీ పరీక్ష రాసే పిల్లలు వేర్వేరు సరంజామాతో ఇంటర్ గుమ్మం ఎక్కుతున్నారు.

మాటల అడ్డుగోడ

వేసవి తయారీలో ఎవరూ పట్టించుకోని విషయం భాష. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న మాట పలకడం కష్టమే గాని, పలికితే అర్థం దానిలోనే ఉన్నది. కిరణాల వల్ల పుట్టే, పదార్థాలను కలిపే క్రియ అది. ఇంటర్‌లో అదే విషయం ‘ఫోటోసింథసిస్’గా ఎదురైనప్పుడు కొత్త పాఠమేమో అని అతడు కంగారు పడతాడు. ‘ఫోటో’ అంటే వెలుగు, ‘సింథసిస్’ అంటే కూర్పు, రెండూ చెప్పేది ఒకటేనని ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. ‘ఆర్థ్రోపోడా’ అంటే కీళ్ల కాళ్లు కలవి, ‘ఎకైనోడెర్మేటా’ అంటే ముళ్ల చర్మం కలవి అని తెలిసిన పిల్లవాడికి రొయ్యనూ సముద్ర నక్షత్రాన్నీ వేరు చేసి గుర్తుంచుకోవడానికి గైడు అక్కరలేదు. ఇటువంటి రెండు వందల మాటల మూలాలు నేర్చుకోవడానికి ఒక వేసవి ధారాళంగా సరిపోతుంది. నీట్ ప్రశ్నపత్రం తెలుగు సహా 13 భాషలలో లభిస్తున్న మాట నిజమే. అయినా పై చదువులన్నీ ఆంగ్లంలోనే కాబట్టి ఈ వంతెన దాటక తప్పదు.

రెండో సంగతి, కళ్లతో చూడడం. పదకొండో తరగతి పుస్తకంలో పత్ర విన్యాసం అన్న అంశానికి ఇచ్చిన ఉదాహరణలు మందార, జిల్లేడు, జామ. మందారలో కణుపుకు ఒక ఆకు, జిల్లేడులో, జామలో ఎదురెదురుగా రెండేసి ఆకులు. గన్నేరు కొమ్మను చూస్తే ఒకే కణుపు చుట్టూ ఆకులు గుమిగూడి ఉంటాయి. వంకాయ కుటుంబపు పుష్పానికి ఐదు రక్షక పత్రాలు, కలిసిపోయిన ఐదు ఆకర్షణ పత్రాలు, వాటికి అంటుకొని ఐదు కేసరాలు ఉంటాయని పుస్తకం చెబుతుంది. ఆ కుటుంబానికి చెందిన వంగ, మిరప, టమోటా తెలుగువారి ఏ పెరట్లో లేవు? పూవును విప్పి ఒక్కసారి లెక్కపెట్టిన పిల్లవాడు దాన్ని మళ్లీ మరువడు. ఇంత సులభమైన సాధన శిక్షణ కేంద్రాల వేసవి కాలపట్టికలో కనిపించదు. నాలుగు గోడల మధ్య వందమందిని కూర్చోబెట్టి నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలు చేయించడం నిర్వాహకులకు తేలిక, పైగా వారం వారం మార్కులు చూపించి తల్లిదండ్రులను సంతృప్తి పరచవచ్చు. పూలు విప్పదీసినందుకు ర్యాంకు ఎవరిస్తారు?

శిక్షణ కేంద్రాలపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. పదహారేళ్ల లోపు వారిని చేర్చుకోరాదని, పదో తరగతి పరీక్ష అయ్యాకనే చేర్చుకోవాలని అందులో ఉన్నది. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ పేరిట పిల్లలను పట్టుకొనే ధోరణిని అరికట్టడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాని దాని పర్యవసానంగా గేటు సరిగ్గా ఈ వేసవి ముందుకు వచ్చి నిలిచింది. అమలు రాష్ట్రాల చేతిలో ఉన్నందువల్ల గేటు కూడా అన్నిచోట్లా వేసి లేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థలలో మానసిక నిపుణులను నియమించాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదనీ ఆదేశించింది. వేసవి బ్యాచ్‌ల మొదటి పనే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను విడదీయడం అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

డబ్బు చెల్లించలేని వారి మాటేమిటి? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నాయి. స్వయం వేదికపై పదకొండో తరగతి జీవశాస్త్ర పాఠాలు ఉన్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ పథకం కింద పదో తరగతిలో అగ్రశ్రేణి ఒక శాతంలో నిలిచి సైన్సు తీసుకున్న విద్యార్థులకు ఐదు రోజుల విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తూ వచ్చింది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని శిబిరం చేరేది ఆ ఒక్క శాతానికి. అంతర్జాల పాఠం చేరేది ఫోను, డేటా, వాటికి మించి ‘ఇది చూడు’ అని చెప్పే మనిషి ఉన్నవారికి. మిగిలిన పిల్లవాడు 2025లో తన పది ఫలితం కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 23 దాకా, తెలంగాణలో ఏప్రిల్ 30 దాకా ఎదురుచూశాడు. ఆ తరువాత జూన్ దాకా కాలేజీ తెరవలేదు. ప్రైవేటు సంస్థలో చేరిన అతని స్నేహితుడు ఆపాటికి కణం, కణజాలం ముగించి వర్గీకరణలోకి దిగి ఉంటాడు.

ఈ తేడాను రెండేళ్ల తరువాత సీట్ల దగ్గర సరిదిద్దడానికి ప్రయత్నించిన రాష్ట్రం తమిళనాడు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన వారికి వైద్యవిద్యలో 7.5 శాతం ప్రత్యేక కోటాను 2020లో చట్టం చేసింది. ఆ చట్టాన్ని ఆదర్శంగా చూపేవారు చాలామంది ఉన్నారు. పరుగు చివర దండ వేయడంతో పాటు ఆరంభ రేఖను సరిచేయడం కూడా ప్రభుత్వాల పనే. ఎన్‌సీఈఆర్‌టీ స్వయంగా 2024లో ఆరో తరగతి పుస్తకాలు మార్చినప్పుడు పిల్లలు తడబడకుండా నెల రోజుల వారధి కార్యక్రమం రూపొందించింది. ఆరో తరగతి పిల్లవాడికి అవసరమైన వారధి, అంతకంటే ఎంతో పెద్ద అగాధం దాటవలసిన పదో తరగతి విద్యార్థికి అవసరం లేదనుకోవడం తర్కానికి నిలవదు.

ఏప్రిల్, మే మాసాలలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల ప్రయోగశాలలు తాళాలతో ఉంటాయి. ఫలితాలు వచ్చిన మరుసటి వారం నుంచి ఉదయం పూట రెండు గంటల చొప్పున మూడు వారాలు ఆ తాళాలు తీయడానికి కొత్త భవనాలు, కొత్త పథకాలు అక్కరలేదు. సెలవుల్లో పనిచేసే అధ్యాపకులకు ఆర్జిత సెలవో, భత్యమో ఇవ్వవలసి ఉంటుంది. ఉల్లిపొర కింద కణాలను చూపించడానికి ఒక సూక్ష్మదర్శిని, ఒక నల్లబల్ల చాలు.

నూతన పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం కొత్త పుస్తకాలు 2023-24 నుంచి దశలవారీగా వస్తున్నాయి. అవి పదో తరగతి దాకా చేరి, ఆ పిల్లలు పై చదువుకు వచ్చేలోగా కుదించిన పాత పుస్తకాలతోనే పది ముగించే బృందాలు ఉన్నాయి. తొమ్మిదో తరగతి నుంచి తీసివేసిన ‘జీవులలో వైవిధ్యం’ అధ్యాయం పట్టుమని ఇరవై పుటలు లేదు. దాన్ని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు తెలుగు, ఆంగ్ల పదాలను పక్కపక్కన చేర్చి అచ్చు వేయించి, పది మార్కుల జాబితాతో పాటు బైపీసీ కోరుకునే ప్రతి విద్యార్థి చేతికీ అందించవచ్చు.