అనుమతి ఉన్నా అతి తగదు

జుమా రోజున గుస్ల్ చేసి, శుభ్రమైన దుస్తులు ధరించి, అత్తరు పూసుకుని మసీదుకు వెళ్లడం మనకు అలవాటు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అత్తరు కొనేవారికి 'అంబర్' అన్న పేరు కొత్త కాదు. అసలైన అంబర్ స్పెర్మ్ వేల్ అనే తిమింగలం పేగుల్లో తయారవుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. సముద్రానికి దూరంగా ఉన్న మనకు ఆ మహాజీవితో ఇంతకంటే పాత పరిచయమే ఉంది.

హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సుమారు 300 మంది సహాబీలు సముద్ర తీరానికి వెళ్లిన సంఘటనను హజ్రత్ జాబిర్ (రజి) వివరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. తిండి నిండుకుంది. మనిషికి రోజుకొక్క ఖర్జూరం దక్కింది. చివరకు ఆకులు తిన్నారు. ఆ స్థితిలో సముద్రం 'అంబర్' అనే భారీ చేపను ఒడ్డుకు చేర్చింది. రోజుల తరబడి అదే వారి ఆకలి తీర్చింది. దాని పక్కటెముకను నిలబెడితే కింది నుంచి ఒంటె దాటిపోయింది. అది అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అని దైవప్రవక్త (స) తెలియజేశారు.

సముద్రపు ఆహారం మనకు ధర్మసమ్మతమే. ఇహ్రామ్‌లో ఉన్న హాజీకి నేలపై వేట నిషిద్ధం కాగా, సముద్రపు వేటకు అనుమతి ఉంది. అయితే ఆకలి తీర్చుకోవడం వేరు, జాతినే తుడిచిపెట్టడం వేరు. 20వ శతాబ్దంలో మనిషి దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపాడు. ఆ వేటలో ఎక్కువ భాగం నూనె కోసం, లాభం కోసం సాగింది. హంప్‌బ్యాక్ జాతి తల్లి సాధారణంగా రెండు మూడేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది. అలాంటి జీవి ఆ వేటకు ఎలా తట్టుకోగలదు?

1982లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వ్యాపార వేటను నిలిపివేయాలని నిర్ణయించింది. 1986 నాటికి అది అమలులోకి వచ్చింది. జపాన్, నార్వే, ఐస్‌లాండ్ వంటి దేశాలు దారి మళ్లినా, చాలాచోట్ల వేట ఆగింది. ఫలితం కళ్లెదుట ఉంది. బ్రెజిల్ తీరానికి వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలు 1950లలో సుమారు 450కి పడిపోయాయి. అవి 25 వేలకు చేరాయని 2019లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మనిషి చేయి ఆపితే చాలు, సృష్టికర్త తన సృష్టిలో ఉంచిన శక్తి పనిచేస్తుంది.

కాని మనకు దగ్గరలోని అరేబియా సముద్రం మరో పాఠం చెబుతోంది. 1966 చివర్లో సోవియట్ ఓడలు అక్కడ 242 హంప్‌బ్యాక్‌లను చంపాయి. దాదాపు ఆరు దశాబ్దాలు గడిచినా అక్కడ వందకు మించి లేవని అంచనా. వాటికి ఇప్పుడు చేపల వలలు, ఓడలు ముప్పుగా మారాయి. పశ్చాత్తాపం ఆలస్యమైతే నష్టం పూడడం ఎంత కష్టమో ఆలోచించండి.

సోదర సోదరీమణులారా! తిమింగలాల సంగతి మనకెందుకని అనుకోవద్దు. నేలపైనా, సముద్రంలోనూ కల్లోలానికి మనుషుల చేతలే కారణమని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. అసలు అంబర్‌ను దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కోట్లు వస్తాయని ఆశ చూపే వారి మాటలకు మన యువకులు లొంగకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటను ఆపుతారు. ఆ రోజుల్లో సముద్రపు చేప దొరకలేదని విసుక్కోకుండా, అది గుడ్లు పెట్టే చేపకు ఇచ్చిన గడువని పిల్లలకు చెప్పండి. మన చెరువుల్లో పిల్ల చేపలను సైతం ఊడ్చేసే సన్నకన్ను వలలను కాదనండి.

హలాల్ అయిన దానిలోనూ హద్దు పాటించేవాడే నిజమైన విశ్వాసి. ఇహ్రామ్ ధరించినవాడు అల్లాహ్ కోసం వేట మానుకుంటాడు. ఆ నిగ్రహం హజ్‌తో ముగిసిపోకుండా మన ఇళ్లలోనూ నిలవాలి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.