కల్లు మానిన మూడో రోజు దయ్యం

రోజూ కల్లు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తాడు. రెండు మూడు రోజులకు చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెడతాడు. ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది ‘గాలి సోకింది’ అన్న మాట. వేపమండలు తెస్తారు, నిమ్మకాయలు కోస్తారు, తాయెత్తు కడతారు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చి ప్రాణం పోతే, పట్టిన దయ్యం గట్టిదంటారు. దయ్యం లేదు. ఆ మనిషి ఒంటికి అలవాటైన మత్తుమందు ఉన్నట్టుండి ఆగిపోయింది.

తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి దిగిన కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది. జనం అడిగినంత కల్లు ఇవ్వడానికి చెట్లు చాలవు. అందుకే చాలాచోట్ల నీళ్లలో శాకరిన్ కలిపి, నిషా కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం వేస్తున్నారు. ఇవి మెదడు వేగాన్ని అణచే మందులు. రోజూ పడుతుంటే మెదడు వాటికి ఎదురుగా తన వేగం పెంచుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే ఆ వేగానికి అడ్డుండదు. వణుకు, ఫిట్స్, లేని పురుగులు కనబడటం, అన్నీ అక్కణ్ణుంచి వచ్చేవే.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు పెంచగానే నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఆస్పత్రులు ఇలాంటివాళ్లతో నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతబడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు అదే పరిస్థితి. ఒకేసారి అంతమందికి దయ్యం పట్టిందా? దుకాణానికి తాళం పడిన రెండు మూడు రోజులకే ఎందుకు పట్టింది?

కల్లుకు మనం ఇచ్చిన గౌరవమే కల్తీకి ముసుగైంది. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోస్తాం, పోయిన పెద్దలకు పెడతాం. వేడి తగ్గిస్తుందని, కడుపులో రాళ్లు కరుగుతాయని చెప్పుకుంటాం. చెట్టుది కాబట్టి మంచిదన్న నమ్మకం సీసాలో ఉన్న పొడిని చూడనివ్వదు. దేవతకు పోసినా అల్ప్రాజోలం అల్ప్రాజోలమే. అలాగని కల్లు తాగేవాళ్లను చీదరించుకునే నీతిమంతులతో నేను కలవను. కూలి చేసి ఒళ్లు పులిసిన ఆడామగా కలిసి కూర్చునే చోటది, గీత కార్మికుడి బతుకుతెరువది.

‘గట్టి మనసుంటే ఒక్కరోజులో మానొచ్చు’ అనేదీ తాయెత్తు లాంటి మూఢనమ్మకమే. బిడ్డ మీద ఒట్టు వేయిస్తారు, అయ్యప్ప మాల వేయిస్తారు. పీకలదాకా తాగడం అలవాటైనవాడు మాల వేసుకున్న రోజే అంతా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు. వస్తే నియమం తప్పాడంటారు. నిజానికి నియమం పాటించినందుకే అతనికి ఆ గతి. మాల వేసుకోదలచినవాడు ముందుగా డాక్టర్ని కలవాలని గురుస్వామి ఒక్క మాట చెబితే ప్రాణాలు నిలుస్తాయి.

‘మత్తు చిత్తు చేస్తుంది’ అన్న గోడరాత వల్ల ప్రాణాలు నిలవవు. కల్లు కాంపౌండు మాటల్లో, కాంపౌండులోనే చెప్పాలి. ‘అన్నా, ఒక్కపారే బంద్ పెట్టకు. దవాఖానకు పో, రోజుకు ఎన్ని సీసాలు తాగుతవో దాయకుండ చెప్పు. కల్లు మీద బ్రాందీ తాగకు. మత్తుల పడ్డోన్ని ఎల్లెలుకల పండవెట్టకు, పక్కకు తిప్పు. లేపినా లేవకపోతే, ఊపిరి సరిగ్గ ఆడకపోతే 108కి ఫోన్ కొట్టు.’ ఇది ఆశా కార్యకర్త చెప్పొచ్చు, ఒగ్గు కథకుడు చెప్పొచ్చు, గీత సంఘం పెద్ద చెబితే ఇంకా నమ్ముతారు. తాగడం మానని మనిషి కూడా వినదగ్గ మాటలివి. వినాలంటే ముందు అతన్ని తిట్టకూడదు.

సీసాలో ఎంత మందు కలిపారో తాగేవాడికి తెలియదు. కాబట్టి సీసాలు లెక్కపెట్టి తగ్గించుకోవడం నమ్మదగ్గది కాదు. డాక్టరు మాత్రలిచ్చి, రోజులు, వారాల మీద మెల్లగా మోతాదు తగ్గించాలి. ఎక్సైజ్ శాఖ ఏ ఊళ్లోనైనా కల్తీ దుకాణం మూయించే ముందే ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ మాత్రలు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు చేరాలి. ఆ ఏర్పాటు లేకుండా తాళం వేయడమంటే, రోగులను తయారుచేసి భూతవైద్యుడి ఇంటికి పంపడమే.