రాష్ట్రం వస్తే మిల్లు తెరుచుకుంటుందా?

చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది. గాజులమండ్యం చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతబడింది. అంతకు ముందే, 2002లో, చిత్తూరు విజయ డెయిరీకి తాళం వేశారు. దాని పునరుద్ధరణకు మళ్లీ శంకుస్థాపన జరిగింది 2023 జూలైలో. ఈ మధ్యలో ఇరవై ఏళ్లకు పైగా గంగవరం, పలమనేరు, పుంగనూరు పల్లెల పాడి రైతు ప్రైవేటు డెయిరీ ఇచ్చిందే ధర అనుకుని పాలు పోశాడు.

"మన రాష్ట్రం మనకొస్తే ఇవన్నీ తెరుచుకుంటాయి" అని మన సభల్లో అంటున్నాం. ఆ మాట అనే ముందు తెలంగాణలోని బోధన్ సంగతి తెలుసుకోవాలి.

నిజాం షుగర్స్ పుట్టింది 1937లో. మన పెద్దలు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నదీ ఆ ఏడాదే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరు. వేల ఎకరాల సొంత చెరకు తోటలుండేవి. 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటుకు అప్పగించింది. 2004లో శాసనసభా సంఘం వేశారు. అయినా ఫ్యాక్టరీ వెనక్కి రాలేదు. తెలంగాణ ఉద్యమం దాన్ని తన నినాదం చేసుకుంది. స్వాధీనం చేసుకుంటామని నాయకులు మాటిచ్చారు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతబడ్డాయి. సొంత రాష్ట్రంలో, సొంత ప్రభుత్వం ఉండగానే కార్మికుడు రోడ్డున పడ్డాడు. తెరిపించే మార్గం చూడమని 2024లో మరో ప్రభుత్వం మళ్లీ కమిటీ వేసింది.

తెలంగాణ రావడం తప్పని మేం అనడం లేదు. రాయలసీమ రాష్ట్రం వద్దనీ అనడం లేదు. రాష్ట్రం వస్తే అధికారం వస్తుంది. ఆ అధికారంతో ఏం చేయాలో ఉద్యమ కాలంలోనే రాయించుకోకపోతే, వచ్చిన ప్రభుత్వం పాత దారినే పోతుంది.

ఫ్యాక్టరీ ఒక్కరోజులో చావదు. ముందు యంత్రాలు మార్చరు. తర్వాత చెరకు బిల్లులు ఆపుతారు. విసిగిన రైతు వేరే పంటకు పోతాడు. చెరకు లేదని క్రషింగ్ ఆపుతారు, నష్టాలు చూపిస్తారు. చివరికి అందరి కన్నూ భూమి మీద పడుతుంది.

అందుకే మన డిమాండ్లలో మూడు మాటలు చేరాలి. మూతపడ్డ సహకార ఫ్యాక్టరీల భూమిని పరిశ్రమకు తప్ప దేనికీ ఇవ్వకూడదు. రైతు, కార్మికుల బకాయిలు అన్ని అప్పుల కన్నా ముందు తీర్చాలి. సభ్య రైతుల ఓటు లేకుండా ఏ సహకార ఆస్తినీ అమ్మకూడదు.

విద్యార్థులారా, 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. ఏ ఫ్యాక్టరీకి ఎన్ని ఎకరాలున్నాయో, ఎవరికెంత బాకీ ఉందో అడిగి తీసుకోండి. ఉద్యోగ మిత్రులారా, ఆ కాగితాలు చదవడం వారికి నేర్పండి. ఆ లెక్కలు చేతబట్టుకుని ప్రతి పార్టీనీ నిలదీద్దాం. ఈ మూడు మాటలకు సంతకం పెట్టని నాయకుణ్ణి మన వేదిక ఎక్కనివ్వొద్దు.