ఇంట్లో పనిచేసే తల్లి పనిచేసే తల్లి కాదా?

మా బస్తీ కోడలొకామె బిడ్డను శిశు సంరక్షణ కేంద్రంలో చేర్చుకొమ్మని అడగబోయింది. "ఎక్కడ పని చేస్తావమ్మా?" అన్నది తొలి ప్రశ్న. ఇంట్లోనే గాజులు చేస్తానన్నది. "ఇంట్లోనే ఉంటే బిడ్డను నువ్వే చూసుకోవచ్చు కదా" అని పంపివేశారు.

ఆమెది లక్క గాజుల పని. బొగ్గుల కుంపటి మీద లక్కను కరిగించి, వేడి చల్లారకముందే వలయంగా చుట్టి, రాళ్లు అద్దాలి. తప్పటడుగులు వేసే బిడ్డ కుంపటి దగ్గరికి రాకుండా ఒక కాలు అడ్డం పెట్టుకుని ఆ తల్లి పని చేస్తుంది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మనమందరం సంతోషించాము. గుర్తింపు గాజు దగ్గరే ఆగిపోయింది.

దీనిని ఒక ఉద్యోగి మొరటుతనంగా తీసివేయలేము. మేము గుమాస్తాగిరీ చేసినవాళ్లము. దరఖాస్తులో గడి లేని మనిషి కార్యాలయానికి కనపడదని ఎరుగుదుము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నది. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ యాభై మంది సిబ్బంది ఉన్న సంస్థల మీద ఆ బాధ్యత పెట్టింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే యాభై. అత్త, కోడలు, ఆడపడుచు కలిసి రాత్రి దాకా కూర్చున్నా ముగ్గురే కదా! నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల గతీ ఇంతే. ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, కట్టల లెక్క కంపెనీది. ఇల్లు మాత్రం వాళ్లది, కనుక బిడ్డ భారమూ వాళ్లదే.

పూర్వపు జాతీయ క్రెష్ పథకం నెలకు 15 రోజులు లేదా ఏడాదికి ఆరు నెలలు పని చేసిన తల్లుల పిల్లలకని నియమం పెట్టింది. ఇంట్లో పనికి హాజరుపట్టీ ఎవరు రాస్తారు? 2022లో మిషన్ శక్తి కింద వచ్చిన 'పాల్నా' ఈ షరతును తీసివేసి, ఉద్యోగంతో నిమిత్తం లేకుండా తల్లులందరూ అర్హులేనన్నది. మంచి మార్పే, ఒప్పుకొంటాము. కాని దేశం మొత్తానికి అనుకున్న కొత్త అంగన్‌వాడీ క్రెష్‌లు 17,000. చోటు చాలనప్పుడు ముందుగా వెనక్కి పోయేది చేతిలో కాగితం లేని తల్లే. పాత ప్రశ్న ఇంకా బతికి ఉన్నది అందుకే.

ఈ దెబ్బ మనకే ఎక్కువ ఎందుకు తగులుతుందో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది: పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇళ్ల వద్దనే పని చేస్తున్నారు, మొత్తం స్త్రీలలో అది 51 శాతం. ఒక మాట మన మగవారితోనూ అనక తప్పదు. "మా ఆడవాళ్లు పనికి వెళ్లరు" అని గొప్పగా చెప్పుకొని, ఆ ఆడవాళ్ల సంపాదనతోనే బడి ఫీజు కట్టే ఇళ్లు మన మొహల్లాలలో ఎన్ని లేవు? మనమే పని కాదంటే ప్రభుత్వం పని అంటుందా?

మేము కోరేది పెద్దదేమీ కాదు. బీడీ కార్మికుల గుర్తింపు కార్డును, అది లేనివారికి సొంత ధ్రువీకరణను పనికి రుజువుగా ఒప్పుకొంటూ రెండు రాష్ట్రాలూ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటి పని చేసేవారున్న బస్తీలలో ముందుగా కేంద్రాలు తెరవాలి.

అంతవరకు తల్లులు నోటిమాటతో తిరిగి రావద్దు. దరఖాస్తు రాసి ఇవ్వండి, రసీదు అడగండి, తిరస్కరిస్తే కారణం కాగితం మీద కోరండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. రాయడం రానివారికి మావంటి విశ్రాంత గుమాస్తాలు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. జుమా నమాజు తరువాత ఒక గంట కూర్చోవడానికి మేము సిద్ధం.