వెడల్పయ్యే వీధిలో మన చోటు

2020 మే నెలలో విజయనగరం నడిబొడ్డున ఉన్న మూడు లాంతర్ల స్తంభాన్ని సుందరీకరణ పనుల పేరిట తొలగించినప్పుడు ఊరు కదిలిపోయింది. అవి లాక్‌డౌన్ రోజులు. జనం గడప దాటడానికే జంకుతున్న సమయం. అయినా తరతరాల గుర్తును అలా ఎలా తీసివేస్తారన్న ప్రశ్న గట్టిగానే వినిపించింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఊరికి జ్ఞాపకం ఉండాలి. జ్ఞాపకం లేని ఊరు చిరునామా లేని ఉత్తరం వంటిది.

అయితే ఆ రోజుల్లో నా మనసులో మరొక ప్రశ్న మెదిలింది. ఆ స్తంభం నీడలో తట్ట పెట్టుకుని కూర్చున్నవారు కూడా ఆ జ్ఞాపకంలో భాగమే కదా? పూలమ్మే స్త్రీ, తాళాలు బాగుచేసే ముసలాయన, గాజుల బండివాడు, దువ్వెనలూ అద్దాలూ పరచుకున్న కుర్రవాడు చోటు కోల్పోయిన నాడు అంతటి గొంతు ఎందుకు లేవదు? రాతికి చరిత్ర ఉన్నదంటే ఒప్పుకుంటాం. మనిషికి ఉన్నదంటే మాత్రం కాగితం చూపమంటాం.

శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఇప్పుడు నగరపాలక సంస్థలు. రెండింటి పాత బజార్లకూ కొత్త కళ వస్తున్నది. రోడ్లు వెడల్పవుతున్నాయి. కూడళ్లలో దీపాలు, కాలిబాటలకు పలకలు, గాజు తలుపుల దుకాణాలు కనిపిస్తున్నాయి. దీన్ని మనం వ్యతిరేకించనవసరం లేదు. వానొస్తే మోకాలి లోతు నీటిలో సరుకు ఎత్తుకుని పరుగెత్తినవాడికి మంచి కాలువ విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అంబులెన్సు దూరలేని సందులో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు రోడ్డు వెడల్పును కాదనడు. బాగు కావలసిందే. ఆ బాగులో ఎవరు మిగులుతారన్నదే ఈ నెల మనం ఆలోచించవలసిన సంగతి.

పాత బజారును ఇన్నాళ్లూ బతికించిందెవరో ముందు గుర్తు చేసుకుందాం. శ్రీకాకుళంలో 17వ శతాబ్దం నాటి జామియా మసీదు ఉన్నది. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరు దానితో ముడిపడి ఉన్నది. అంటే ఈ గడ్డపై మన ఉనికి నిన్న మొన్నటిది కాదు. కాని ఆ ఉనికిని నిలబెట్టింది ఫౌజ్‌దారుల హోదా కాదు. వారు వచ్చారు, వెళ్లారు. నిలిచినవారు దర్జీలు, ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు, పరుపులు కుట్టే నూర్‌బాషా కుటుంబాలు, గొడుగులు, గడియారాలు, కుట్టు మిషన్లు బాగుచేసేవారు, మాంసం దుకాణాలవారు, అత్తరు సీసాలవారు.

వీరి బతుకు ఎన్నడూ మన వీధికే పరిమితమై లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను కదులుతుంది. ఆ జనసంద్రంలో గాజులు, బొమ్మలు, మిఠాయిలు అమ్మి నాలుగు రూపాయలు వెనకేసుకునే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. రథసప్తమికి అరసవల్లి వెళ్లే యాత్రికుల దారిలోనూ మనవారి బండ్లు ఉంటాయి. బాబామెట్టపై ఖాదర్‌వలీ దర్గాకు వచ్చేవారిలో అన్ని మతాలవారూ కనిపిస్తారు. వారి చేతుల్లోని పూల బుట్టలు ఎక్కువగా హిందూ స్త్రీలు కట్టినవే. రంజాన్ సాయంత్రం మసీదు ముందు పకోడీల పొయ్యి వెలిగితే నిరీక్షించే వరుసలో నమాజుకు వచ్చినవారే ఉండరు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏ సద్భావనా సభలోనూ పుట్టలేదు. పాత బజారులో, అరువు ఖాతాల్లో, పక్కపక్క అంగళ్లలో పుట్టింది. బజారు చెదిరితే చెదిరేది వ్యాపారం ఒక్కటే కాదు.

అది ఎలా చెదురుతుందో చూద్దాం. ఎవరూ దౌర్జన్యం చేయనక్కరలేదు. రోడ్డు విస్తరణకు స్థలం వదులుకున్న యజమానికి మన రాష్ట్రంలో టీడీఆర్ బాండ్లు ఇస్తారు. వాటిని అతడు వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మిగిలిన స్థలంలో ముందుభాగం కొత్తగా కట్టించి అద్దె పెంచుతాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిలో కుట్టిన దర్జీకి బాండు లేదు, పరిహారం లేదు, అడ్వాన్సు కట్టే స్తోమతు లేదు. అతడు మేడ మీదికో, రింగురోడ్డు అవతలికో వెళతాడు. పాత గిరాకీలో సగం అతని వెంట రాదు. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా అక్కడ పనిచేసుకుంటూ జీవనాధారం కోల్పోయే అద్దెదారులనూ చేతివృత్తులవారినీ 'బాధిత కుటుంబం' నిర్వచనంలో చేర్చింది. కాని యజమాని తానే స్థలం అప్పగించినట్లు కాగితం నడిచినప్పుడు ఆ నిర్వచనం దాకా వెళ్లేదెవరు? చట్టం పుస్తకంలోనే ఉంటుంది. దర్జీ వీధిలో ఉంటాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. చాలా ఏళ్ల క్రితం ఒక కార్యాలయంలో ఒక బజారుకు సంబంధించిన ఆక్రమణల జాబితాను శుభ్రప్రతి రాయవలసి వచ్చింది. వరుస సంఖ్య, ఆక్రమణ స్వభావం, కొలతలు, తీసుకోవలసిన చర్య, ఇవీ అందులోని గడులు. ఒకచోట 'చెక్క పెట్టె, మూడడుగులు, రెండడుగులు' అని ఉన్నది. రాస్తూ రాస్తూ చేయి ఆగింది. ఆ పెట్టె నాకు తెలుసు. పెళ్లిలో మామగారు పెట్టిన చేతి గడియారాన్ని రెండుసార్లు బాగుచేయించుకున్నది ఆ పెట్టె ముందు నిలబడే. ఆయన అక్కడ ఎన్నేళ్లుగా కూర్చున్నాడో, ఆ పెట్టె మీద ఎందరు బతుకుతున్నారో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. లేని గడిని నింపడం గుమాస్తా పని కాదు. నేను రాసి, సంతకానికి పంపాను. కొద్ది రోజులకు ఆ చోట పెట్టె లేదు. ఆ జాబితాలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అది నిజం కాదు. ఈ మాట నాకు ఉద్యోగంలో ఉండగా తట్టలేదు. తట్టి ఉంటే కనీసం పైవారికి ఒక నోటు పెట్టి ఉండేవాణ్ణి.

ఆనాడు ఆ గడి లేదు. నేడు చట్టం ఆ గడిని ఇచ్చింది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో సోదాన్ సింగ్ కేసులో, సహేతుకమైన నియంత్రణలకు లోబడి వీధి వ్యాపారం కూడా రాజ్యాంగం హామీ ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికే వస్తుందన్నది. ఆ తర్వాత 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. అయిదేళ్లకొకసారైనా సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. అడిగిన తర్వాత పాడైపోయే సరుకును అదే రోజున, తక్కినదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. యాభై ఏళ్లకు పైబడి సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించరాదని ఆ చట్టం రెండవ షెడ్యూలు చెబుతున్నది. మన పాత బజార్లలో యాభై ఏళ్లు దాటినవి ఎన్ని ఉన్నాయో మన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలరు.

ఈ చట్టం మనకు ఎంత అవసరమో మరొక తీర్పును చూస్తే తెలుస్తుంది. బుల్డోజర్ కూల్చివేతలపై సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పును మనం హర్షించాం. పదిహేను రోజుల నోటీసు, విచారణ లేకుండా కూల్చరాదన్నది దాని సారాంశం. కాని రోడ్లు, వీధులు, కాలిబాటల వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని అదే తీర్పులో ఉన్నది. అంటే కాలిబాట మీది మన సోదరుడికి ఆ తీర్పు గొడుగు కాదు. అతని గొడుగు 2014 చట్టమే. ఈ తేడా తెలియక, తీర్పు ఉన్నది కదా అని నిశ్చింతగా కూర్చున్నవారిని నేను చూశాను.

సచార్ కమిటీ 2006లోనే ఒక సంగతి బయటపెట్టింది. ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉండగా జాతీయ సగటు 8 శాతం లోపే. వీధి మనకు మిగతావారికన్నా ఎక్కువ అన్నం పెడుతున్నదన్నమాట. ఉత్తరాంధ్రలో మన సంఖ్య మరీ తక్కువ. ఈ రెండు పాత జిల్లాల్లో నూటికి ఒక్కరం కూడా లేము. ఓట్ల లెక్కలో మన గొంతు పెద్దది కాదు. అందుకే కాగితం మీద మన లెక్క పక్కాగా ఉండాలి. అదే చట్టం పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు ఎన్నికైన వ్యాపారులకే ఇవ్వాలన్నది. వారిలో మూడోవంతు స్త్రీలుండాలని, ఎస్సీ, ఎస్టీ, బీసీలతో పాటు మైనారిటీలకూ తగిన ప్రాతినిధ్యం ఉండాలని చెప్పింది. మన పట్టణంలో ఆ కమిటీలో ఎవరున్నారు? ఈ ప్రశ్నకు ఈ పత్రిక చదివేవారిలో ఎందరు జవాబు చెప్పగలరు?

ఇక మన ఇంటి సంగతి. ఎదుటివారిని అడిగే ముందు మనల్ని మనం అడుగుకోవాలి. మసీదులకూ దర్గాలకూ ఉన్న దుకాణాల గదుల విషయంలో కొన్నిచోట్ల మన కమిటీలు కూడా బయటి యజమానుల వలెనే నడుచుకుంటున్నాయి. వీధికి కళ రాగానే అద్దె పెంచి, గుడ్‌విల్ ఎక్కువ ఇచ్చేవాడికి గది అప్పగించడం, ముప్ఫై ఏళ్ల పాత కాపుకు రసీదైనా ఇవ్వకపోవడం జరుగుతున్నది. వక్ఫ్ ఆస్తికి ఆదాయం రావాలి, నిజమే. చారాణా అద్దెకు లక్షల గది అనుభవించడం కూడా అన్యాయమే. కాని ఆదాయానికీ ఆదరణకూ మధ్య దారి లేకపోలేదు. అద్దెను ఏటా కొద్దికొద్దిగా, ముందుగా చెప్పి పెంచవచ్చు. ప్రతి నెలా రసీదు ఇవ్వవచ్చు. వృత్తిపనివారికి, భర్త పోయిన స్త్రీలకు రెండు గదులైనా కేటాయించవచ్చు.

స్త్రీల మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మన ఇళ్లలో కుట్టుపని, అల్లిక, పచ్చళ్లు, పిండివంటలు చేసి భర్త బండి మీదికో, పక్క దుకాణానికో పంపే తల్లులున్నారు. బండి పోతే ఇంటిలోని ఆ పని కూడా పోతుంది. కాని సర్వే చేసేవారికి కనిపించేది బండి పక్కన నిలబడ్డ మగవాడే. ధ్రువపత్రం ఉన్న వ్యాపారి మరణించినా, మంచాన పడినా, దాని గడువు తీరేవరకు భార్యగాని ఆధారపడిన బిడ్డగాని ఆ చోట వ్యాపారం చేసుకోవచ్చని చట్టం చెబుతున్నది. ధ్రువపత్రమే లేకపోతే ఆ తల్లికి నిలబడే చోటే లేదు.

అందువల్ల ఈ నెల ప్రతి మొహల్లాలో ఒక చిన్న పని చేయమని కోరుతున్నాను. చదువుకున్న పిల్లలు ఇద్దరు చొప్పున జుమా తర్వాత ఒక గంట కూర్చుని బజారులో ఎవరెవరు, ఎక్కడ, ఎన్నేళ్లుగా ఉన్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి. పాత కరెంటు బిల్లు, పన్ను రసీదు, ఆశీలు చీటీ, బండి పక్కన నిలబడి తీయించుకున్న పాత ఫోటో ఏది దొరికినా భద్రపరచండి. ముస్లింలనే రాయకండి. పక్కనున్న పూలమ్మి పేరు, చెప్పులు కుట్టే తాత పేరు కూడా రాయండి. ఒకరి చోటు నిలిస్తేనే రెండోవారి చోటు నిలుస్తుంది. పేర్లన్నీ కలిపి కమిషనరుగారికి ఒక్క అర్జీగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. గుమాస్తా అనుభవంతో చెబుతున్నాను, ముద్ర పడిన అర్జీని పక్కన పెట్టడం ఏ కార్యాలయానికీ అంత తేలిక కాదు.

నగరపాలక సంస్థల వారికి మా మనవి కూడా పెద్దదేమీ కాదు. రోడ్డు మీద గుర్తులు పెట్టే ముందు ఆ రోడ్డు మీద బతికేవారిని లెక్కపెట్టండి. కొత్త నమూనాలో చెట్లకూ బల్లలకూ చోటు గీసినట్లే తట్టలకూ బండ్లకూ చోటు గీయండి. పనులు జరిగినన్నాళ్లు ఎక్కడ కూర్చోవాలో, పూర్తయ్యాక ఎక్కడికి రావాలో రాసి ఇవ్వండి. కొత్త దీపాల కింద పాత ముఖాలు కనిపిస్తే ఆ వీధి మరింత వెలుగుతుంది.

ఆ గడియారాలాయన తర్వాత ఎక్కడ కూర్చున్నాడో నాకు తెలియలేదు. గడియారం మాత్రం ఇంకా నడుస్తున్నది. దాన్ని చూసినప్పుడల్లా ఆ కాగితంలో లేని గడి గుర్తుకొస్తుంది. ఈసారి జాబితా తయారయ్యే లోగా మన పేర్లు మనమే రాసి పెట్టుకుందాం.