అనాసపండు తింటే క్యాన్సర్ తగ్గుతుందా?

అనాసపండు నాలుగు ముక్కలు ఎక్కువ తింటే నాలుక చురచుర మంటుంది కదూ! ఆ పచ్చి ముక్కలు కలిపిన పాలు కాసేపటికే చేదెక్కుతాయి. జెలటిన్‌తో చేసే జెల్లీలో వేస్తే, ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచినా అది గట్టిపడదు. ఇక మాంసం త్వరగా మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముక్క వేయడం మనకు తెలిసిందే. వీటన్నిటి వెనకా ఉన్నవి ఎంజైములు. అనాసలో బ్రొమెలైన్, బొప్పాయి పాలలో పపైన్. మాంసకృత్తుల్ని ముక్కలు చేయడం వీటి పని.

మరి ఇంత పదునైనవి క్యాన్సర్ కణాల పని పట్టలేవా? శాస్త్రజ్ఞులకూ ఈ ఆలోచన వచ్చింది. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల మీద బ్రొమెలైన్ వేసి చూస్తే కొన్ని రకాల కణాల పెరుగుదల తగ్గింది, కొన్ని చచ్చిపోయాయి కూడా. పొట్టలో జిగురు పేరుకుపోయే అరుదైన క్యాన్సర్ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ డేవిడ్ మోరిస్ బృందం బ్రొమెలైన్‌ను మరో మందుతో కలిపి, గొట్టం ద్వారా నేరుగా ఆ జిగురులోకే ఎక్కించి చూసింది. చాలామందిలో జిగురు కరిగింది. అయితే ఇది కొద్దిమంది మీద చేసిన తొలి పరీక్ష మాత్రమే సుమా!

"అయితే రోజూ గ్లాసుడు అనాస రసం తాగితే పోలా?" అంటారేమో. పోదు! ఎందుకో మీ వంటింట్లోనే తెలుసుకోవచ్చు. ఈసారి జెల్లీలో అనాస ముక్కల్ని బాగా ఉడికించి వేయండి, చక్కగా గడ్డకడుతుంది. ఎంజైమ్ కూడా ఒక మాంసకృత్తే కాబట్టి వేడికి చెడిపోతుంది. పచ్చిగా తిన్నా, పప్పులోని మాంసకృత్తుల్లాగే దాన్నీ మన కడుపు చాలావరకు అరిగించేసుకుంటుంది. గడ్డ దాకా చేరేదేముంటుంది చెప్పండి?

ఎంజైములు అసలు మందే కావని కాదు. పిల్లలకు వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఆస్పరాజినేజ్ ఎంజైమే. దాన్ని బాక్టీరియా నుంచి తీసి, శుద్ధి చేసి, డోసు లెక్కకట్టి సూదిమందుగా ఇస్తారు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ ఎంజైమ్ కాకపోయినా, 1960ల నుంచీ క్యాన్సర్ మందుగా వాడుకలో ఉంది. అలాగని ఆ ఆకు నమిలితే వైద్యం కాదు, విషం! మొక్కలో గుణం ఉండడం వేరు, అది మందు కావడం వేరు.

అందుకే రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా, నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా రసాలతో రోజులు గడపకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి. బ్రొమెలైన్ మాత్రలు వాడుతుంటే ఆ మాటా చెప్పండి. రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. చికిత్సలో నోరు పూసినవాళ్ళు కొన్నాళ్ళు అనాస మానడమే మంచిది.

మిగతావాళ్ళు హాయిగా తినండి, పిల్లలకూ పెట్టండి. కానీ ఆ పండును నమ్ముకుని ఆపరేషన్ మాత్రం వాయిదా వేసుకోకండి.