చేపల మీదికి నెట్టిన బలా

మా ఫుప్ఫూ వచ్చి ఖాలీ అయిన అక్వేరియం చూసి ఒక్క మాటలో ఫైసలా చేసేసింది: "ఫికర్ చేయకు బేటా, ఇంటి మీదికొచ్చే బలా చేపలు మోసుకుపోయాయి." రెండు రోజుల్లో ఏడు చేపలు పోయాయి. ఎనిమిదో క్లాసు చదివే నా కూతురు మాత్రం ఒప్పుకోలేదు. "బలా కాదు అబ్బా, నువ్వు పోసిన దవా" అంది.

అదే సచ్. రాజమండ్రిలో మన ఇళ్ళల్లో ఎన్ని గాజు తొట్టెలున్నాయో, ఈ 'బలా' మాట కూడా అన్నిసార్లు విన్నాను. మన గఫ్లత్‌కి మనం వేసుకున్న పర్దా అది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వదలక చంపిన ఔరత్ గురించిన హదీస్ పిల్లలకి చెప్తాం కదా. చేప కూడా మనం బంధించిన బేజుబానే.

జరిగింది ఇదీ. జనవరి చలి. కొత్తగా కొన్న నాలుగు టెట్రాలను కవరు విప్పి నేరుగా పాత చేపల్లో వదిలేశాను. నాలుగైదు రోజులకి తోకల మీద, రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. దుకాణదారు ఏమీ అడక్కుండా నీలం సీసా ఒకటి చేతిలో పెట్టాడు. పోశాను. మూడో రోజుకి చుక్కలు మాయం. మాషా అల్లాహ్ అనుకున్నాను. వారం తిరక్కుండా పదింతలై వచ్చాయి. ఈసారి డబుల్ డోసు పోశాను. వాలిస్నేరియా ఆకులు కరిగి జావ అయ్యాయి, నత్తలు చచ్చాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

చుక్కలు పోగానే బీమారీ పోయిందనుకోవడమే అసలు గలత్‌ఫహమీ. ఈ మర్జ్ పేరు ఇక్. ఒకే కణమున్న జీవి. చేప చర్మం కింద దూరి తిని బలిసి, తనంతట తానే రాలిపోతుంది. అడుగున, ఆకుల మీద అంటుకుని గూడు కట్టి, వందల పిల్లలుగా చీలి మళ్ళీ చేపల కోసం ఈదుతుంది. చర్మం కింద ఉన్నప్పుడు, గూట్లో ఉన్నప్పుడు దవా దాన్ని ముట్టుకోలేదు. ఈదే ఆ కొద్ది సమయంలోనే చస్తుంది. అంటే నా దవా మొదటిసారి గెలవలేదు. పురుగు తన టైముకి తాను రాలింది, అంతే.

మొక్కలున్న తొట్టెలో సీసా ఒంపడం మరీ జుల్మ్. రాగి కలిసిన దవాలు నత్తల్నీ, రొయ్యల్నీ చంపుతాయి, మొక్కల్నీ దెబ్బతీస్తాయి. మిథిలిన్ బ్లూ ఫిల్టర్‌లో అమ్మోనియాని విరిచే మంచి బాక్టీరియాను కూడా చంపుతుంది. మలకైట్ గ్రీన్ సంగతి చెప్పాలా? తినే చేపలకి అది వాడకూడదని యూరప్, అమెరికాల్లో నిషేధం ఉంది. మనం అదే రంగు పిల్లల చేతికిచ్చి చుక్కలు లెక్కపెట్టి పోయమంటాం.

భీమవరంలో ఉండే మా బామ్మర్ది చెరువు మందు తెస్తానన్నాడు. చెరువుల్లో పేను అనేది ఆర్గులస్‌ని, కంటికి కనిపించే వేరే జీవిని. దాని దవా దీనికెందుకు?

మరి ఇలాజ్ ఏమిటి? సబర్, హీటర్, గాలి పంపు. నీటి వేడిని ఒకేసారి కాక, కొన్ని గంటలకో డిగ్రీ చొప్పున 30 దాకా పెంచండి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి పంపు ఆపకండి. రెండు మూడు రోజులకోసారి అడుగు మడ్డి లాగేసి, క్లోరిన్ పోయిన నీళ్ళు పోయండి. చుక్కలు పోయినా పది రోజుల నుంచి రెండు వారాలు అలాగే ఉంచండి. ఆ వేడికి తట్టుకోలేని చేపలుంటే, దవా తప్పదనుకుంటే, చేపలన్నిటినీ వేరే టబ్బులోకి తీసి అక్కడ ఇవ్వండి. చేప లేని తొట్టెలో పురుగుకి తిండి లేదు, అదే చస్తుంది. ఉప్పు కూడా ఆ టబ్బులోనే, మొక్కల్లో కాదు. కొత్త చేపల్ని కనీసం మూడు వారాలు విడిగా ఉంచితే ఇవేవీ అక్కర్లేదు, కానీ దుకాణంలో ఈ మాట చెప్తే సీసా ఎవరు కొంటారు?

ఇంకొకటి. విసుగొచ్చి ఆ దవా నీళ్ళూ, మిగిలిన చేపలూ బకెట్టులో కాలువ దగ్గరికి మోసుకెళ్ళే జనాబ్‌లు ఉన్నారు. ధవళేశ్వరం నుంచి పారే ఆ కాలువే కింది ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్ని నింపుతుంది. అక్వేరియం గాజు నాకే సక్కర్ చేప అలా వదిలేస్తేనే ఈరోజు మన నీళ్ళల్లో జాలర్ల వలలు చించుతోంది. ఆ బకెట్టు ఇంట్లోనే ఉంచండి భాయీ.